పాతాళానికి దారి తీసిన పువ్వు

డాఫడిల్ అనగానే చాలామందికి నార్సిసస్ కథే గుర్తొస్తుంది. కొలనులో తన ప్రతిబింబాన్నే ప్రేమించి, కృశించి, చివరికి పువ్వుగా మిగిలిన అందగాడి కథ అది. రోమన్ కవి ఓవిడ్ క్రీ.శ. 8 ప్రాంతంలో పూర్తిచేసిన ‘మెటామార్ఫసీస్’లో ఉంది. 1753లో లిన్నేయస్ ఈ మొక్కల ప్రజాతికి నార్సిసస్ పేరే ఖాయం చేశాడు. ఆ పేరుతోపాటు ఆత్మమోహమనే నిందా దానికి అంటుకుపోయింది. ఆ నింద అన్యాయమే. ఓవిడ్ కంటే కొన్ని శతాబ్దాల ముందే గ్రీకులు ఈ పువ్వు గురించి ఇంకో కథ చెప్పుకున్నారు.

ధాన్యదేవత డిమీటర్‌ను కీర్తించే ప్రాచీన స్తోత్రంలో ఉంది ఆ కథ. ఆమె కూతురు పెర్సెఫనీ చెలికత్తెలతో కలిసి పచ్చికలో పూలు కోస్తోంది. ఆ పిల్లను పాతాళరాజు హేడీస్‌కు ఇవ్వడానికి తండ్రి జ్యూస్ అప్పటికే ఒప్పుకున్నాడు. అతని మాట మీద భూదేవి ఒక నార్సిసస్‌ను ఎరగా మొలిపించింది. ఒకే దుంప నుంచి నూరు పూలు. ఆ పరిమళానికి ఆకాశం, నేల, సముద్రం పరవశించాయి. పెర్సెఫనీ రెండు చేతులూ చాచింది. నేల చీలింది, హేడీస్ రథం పైకొచ్చింది. బిడ్డ కోసం తల్లి కుమిలిపోతుంటే పంటలు మొలకెత్తడం మానేశాయి. చివరికి ఏడాదిలో మూడోవంతు పాతాళంలో, మిగతాది తల్లి దగ్గర ఉండేలా రాజీ కుదిరింది. ఆమె తిరిగొచ్చే కాలమే వసంతం. నెలల తరబడి మట్టికింద దుంపగా దాగి, చలి వెనకబట్టగానే బయటికొచ్చే మొక్కకు ఇంతకంటే తగిన కథ లేదు.

గుత్తులుగా పూసే సువాసన రకం తూర్పుకు కూడా నడిచింది. చైనాలో కొత్త సంవత్సరపు పువ్వయింది. 13వ శతాబ్దంలో చిత్రకారుడు జావో మెంగ్‌జియెన్ దాన్ని కేవలం సిరాతో పొడవాటి కాగితపు చుట్ట మీద చిత్రించాడు. పారశీకంలో దాని పేరు నర్గిస్; అక్కడి కవులకు అది ప్రేయసి కన్ను. కాశ్మీరులో అది యెంబర్జల్. తుమ్మెదకూ ఆ పువ్వుకూ మధ్య నడిచిన ప్రేమను కవి దీనానాథ్ నాదిమ్ 1953లో కాశ్మీరీ సంగీత నాటకంగా మలిచాడు.

ఇంగ్లండులో ఈ పువ్వు కవి వర్డ్స్‌వర్త్ సొత్తయిపోయింది. అయితే 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున, ఈదురుగాలిలో ఆ పూలను చూసినప్పుడు ఆయన పక్కన చెల్లెలు డొరతీ ఉంది. కొన్ని పూలు అలసి రాళ్ల మీద తల వాల్చాయని, మిగిలినవి గాలికి ఊగుతూ ఆడుతున్నాయని ఆమె డైరీలో రాసుకుంది. అన్న కవిత 1804లో పుట్టి 1807లో అచ్చయింది. అందులో చెల్లెలు లేదు, కవి ఒంటరి. ఆ కవితలో మేలైన రెండు పాదాలు భార్య మేరీవని మాత్రం ఆయనే చెప్పాడు. డొరతీ డైరీ తెలియకుండా ఆ కవితను పాఠం చెప్పడం నాకు లోటుగానే అనిపిస్తుంది.

ఇంత అందమైన మొక్క దుంప నిండా విషమే. ఉల్లిపాయ అనుకుని వండుకుంటే వాంతులు తప్పవు. కాడల రసం తగిలి పూలు కోసేవాళ్ల చేతులు దద్దుర్లెక్కుతాయి. అదే మొక్కలో గాలంటమైన్ అనే పదార్థమూ ఉంది. 1950ల తొలినాళ్లలో దీన్ని మొదట స్నోడ్రాప్ అనే వేరే మొక్క నుంచి వేరుచేశారు. మెదడులో జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ త్వరగా విచ్ఛిన్నం కాకుండా అది అడ్డుపడుతుంది. అల్జీమర్స్ మందుగా దాన్ని అమెరికా 2001లో ఆమోదించింది. రోగాన్ని నయం చెయ్యదు గానీ, కొందరిలో లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచుతుంది. డాఫడిల్‌ను జాతీయ చిహ్నంగా ధరించే వేల్స్‌లో, కొండ పొలాల్లో ఇప్పుడు ఈ మందు కోసం కూడా దాన్ని పండిస్తున్నారు.