సింకోనా వృక్షము: జాతివ్యక్తి విచారము

ఔషధగుణము ద్రవ్యమునకు దేశకాలములవలన సిద్ధించునా, బీజమువలన సిద్ధించునా యనునది విచారింపఁదగిన ప్రశ్నము. చరకసంహితా కల్పస్థానమున ద్రవ్యసంపత్తికి దేశము, కాలము, గుణము, భాజనము నను నాలుగును హేతువులుగాఁ జెప్పఁబడినవి. ఒకే దేశమున, నొకే కాలమున, నొకే జాతి వృక్షములు ప్రక్కప్రక్కనే పెరిగియు గుణమున భిన్నములైనచో హేతు వేమి? సింకోనా చరిత్రము దీనికి సమాధానము నొసఁగుచున్నది.

విషమజ్వరహరమగు నీ పట్ట దక్షిణామెరికాలోని యాండీసు పర్వతములది. దీని పూర్వనామమగు ‘కీనాకీనా’ కెచువా భాషలోనిదని చెప్పుదురు. కీనా యనఁగాఁ బట్ట. ఆమ్రేడితముచేఁ బట్టలలో మేలైన పట్ట యని యర్థము. 1742లో లిన్నేయసు పెట్టిన సింకోనా యను పేరు పెరూ రాజప్రతినిధి భార్యయగు చించోన్ ప్రభ్విని స్మరించునది. రోమను లిపిలో వ్రాయునపుడు మూలనామములోని తొలి హకార మందు లోపించినది. ఆమె యీ పట్టచే స్వస్థత నొందెనను కథయు నిలువదని 1941లో హాగిసు చూపెను.

1820లో పెల్లెటియేరు, కావెంతూ యను ఫ్రెంచి రసాయనజ్ఞులు పట్టనుండి క్వినైనును వేఱుపఱచిరి. అంతవఱకు వర్ణమును రుచిని బట్టి జరిగిన పరీక్ష యటుపై తూకమును బట్టి జరుగుట కవకాశము గలిగెను. 1860-61లో మార్కుహాము ప్రయత్నమున మొక్కలును విత్తులును నీలగిరులకుఁ జేరెను. అచ్చట నెఱ్ఱపట్టజాతి పుష్టిగాఁ బెరిగెను గాని యందుఁ గ్వినైను స్వల్పము.

బొలీవియాలో ఆయ్‌మారా జాతీయుఁడగు మనువేలు ఇంక్రా మమాని, చార్లెసు లెడ్జరను నాంగ్లవర్తకునికి సేవకుఁడు. మేలైన చెట్లెవ్వియో యెఱిఁగినవాఁ డతఁడే. మంచువలన విత్తులు చెడిన యేండ్లలో వేచియుండి తుదకు వానిని దెచ్చి యిచ్చెను. 1865లో ఆ విత్తులు లండనునకుఁ జేరఁగా నాంగ్ల ప్రభుత్వము కొనలేదు. డచ్చివారు సుమారొక పౌను విత్తులు కొని జావాలో నాటించిరి.

1872 మొదలు బెర్నెలో మూన్స్ అచ్చటి చెట్ల పట్టలను బరీక్షించెను. ఒకే మూటలోని విత్తులనుండి పుట్టిన చెట్లలోనే గొప్ప తారతమ్యము గనఁబడెను. కొన్నిటి పట్టలో నూటికి 13 పాళ్లవఱకు క్వినైను గలదు. భూమియు వర్షమును సమానములే, భేదము బీజగతము. మెండెలు వ్రాసిన యానువంశికసూత్రములు 1866లోనే వెలువడినను 1900 వఱకు లోకము గమనింపలేదు. అయినను జావావారు ఫలితమును బట్టియే నడచిరి.

ఇచ్చట నొక చిక్కు గలదు. సింకోనా పుష్పములు రెండు విధములు: కొన్నిట కీలము దీర్ఘము, కొన్నిట హ్రస్వము. కావునఁ బరపరాగముచేతనే ఫలించుట ప్రాయికము. నీచజాతి సమీపమున నున్నచో సంతతి చెడును. అందుచే నుత్తమవృక్షములను వేఱుగా నుంచి, వాని కొమ్మలను బలమైన యెఱ్ఱపట్టజాతి మొదళ్లపై నంటు కట్టిరి. 1930ల నాఁటికి లోకమున వాడు క్వినైనులో నూటికి 90 పాళ్లకు మించి జావానుండియే వచ్చుచుండెను. 1942లో జపానువా రా ద్వీపము నాక్రమింపఁగా మిత్రపక్షములవారి సైన్యములకు మందు కఱవయ్యెను.

శబ్దమునకు జాతి యర్థమని వాజప్యాయనుఁడును, ద్రవ్య మర్థమని వ్యాడియుఁ బలికిరని మహాభాష్యము తెల్పుచున్నది. సింకోనా యనినపుడు వైద్యుఁడు జాతిని గ్రహించును. రోగిని రక్షించునది మాత్రము వ్యక్తి. విత్తుచే జాతి నిలుచును, వ్యక్తిగుణము మాఱును. అంటుచే నా వ్యక్తియే విస్తరిల్లును. నిఘంటువులలో నొక్క పర్యాయపదము క్రింద నిమిడిన మన యోషధులకును నిట్టి పరీక్ష యావశ్యకము.

1897లో సికిందరాబాదునందు రాసు దోమ కడుపులో జ్వరబీజమును గనుఁగొనెను; అతని పేరు లోకప్రసిద్ధము. జావాలోని యుత్తమజాతికి ‘లెడ్జరియానా’ యని లెడ్జరు పేరు నిలిచినది. విత్తు లిచ్చినందుకు మమాని చెఱఁబడి, దెబ్బలు తిని మరణించెనని లెడ్జరు లేఖలే చెప్పుచున్నవి. ఆ వృక్షమును గుర్తించిన యతని పేరు వృక్షనామమున లేదు; చరిత్రమునందైన నుండవలయును.