రాకాసి తోలుబొమ్మలు: తెర వెనుక నుంచి గోడ మీదికి

భయం గొలిపే బొమ్మను పెద్దలు కోరి కొని దాచుకోవడం శవపేటికల్లో అమ్ముడయ్యే అమెరికన్ ‘లివింగ్ డెడ్ డాల్స్’తోనే మొదలైందనుకోవడం తొందరపాటు. అనంతపురం సీమలో ధర్మవరానికి చేరువనున్న నిమ్మలకుంటలో మరాఠీ మాతృభాషగా గల తోలుబొమ్మలాట కుటుంబాలు రావణుణ్ణి, రాక్షసులను తరతరాలుగా మలుస్తున్నాయి. పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’ ప్రస్తావించినంత పాతదైన ఈ కళలో మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుతురు చొరబడేంత పలుచగా ఆరబెట్టి, ఉలితో రంధ్రాలు పొడిచి, రంగులద్దుతారు. తెర వెనుక దీపం వెలిగితే ఆ రంధ్రాలే నగలుగా మెరుస్తాయి, పది తలల రావణుడు నిలువెత్తున లేస్తాడు. కేతిగాడు, బంగారక్క వంటి హాస్యపాత్రలు మధ్యలో దూరి మోటు సరసాలాడడం ఆటలో భాగమే, నిజానికి జనం ఎక్కువగా ఎదురుచూసేదీ దానికోసమే. సినిమా వచ్చాక రాత్రంతా సాగే ఆటలు తగ్గి, అదే తోలు దీపాల తొడుగులుగా, గోడచిత్రాలుగా మారి నగరవాసుల ఇళ్ళకు చేరింది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది.