సామాజిక వ్యాపారం పుట్టుపూర్వోత్తరాలు: రాచ్‌డేల్ నుంచి ఆర్మూరు దాకా

లాభం సంపాదిస్తూనే సమాజంలోని ఒక లోటును తీర్చే వ్యాపారాన్ని సామాజిక వ్యాపారం అంటారు. దానం అనేది ఇచ్చేవారి చేతిలో డబ్బున్నంత వరకే సాగుతుంది. వ్యాపారం తన ఖర్చును తానే రాబట్టుకుంటుంది కనుక ఏళ్ల తరబడి నిలుస్తుంది. అయితే లాభం వచ్చినంత మాత్రాన మేలు జరిగినట్టు కాదు. యజమానులు ఎవరు, మిగులు ఎవరికి చేరుతుంది అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టే ఆ మేలు తేలుతుంది. ఈ ఆలోచన దాదాపు 180 ఏళ్లలో ఎన్నో రూపాలు మారి, నేడు తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా ఆర్మూరు చుట్టుపక్కల పసుపు రైతుల ముందుకు వచ్చింది.

తొలి రూపం: సహకార సంఘం

1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది నేత కార్మికులు, ఇతర చేతిపనివారు చందాలు కూడబెట్టి ఒక దుకాణం తెరిచారు. కల్తీ లేని సరుకులను సరైన తూకంతో అమ్మారు. మిగిలిన లాభాన్ని ఎవరు ఎంత సరుకు కొన్నారో ఆ లెక్కన పంచుకున్నారు. ఎవరి వాటా ఎంతైనా మనిషికి ఒకటే ఓటు. 1860లలో జర్మనీలో రైఫైజెన్ అనే సంస్కర్త ఇదే సహకార ఆలోచనను పల్లెల్లోని అప్పులకు వర్తింపజేసి పరపతి సంఘాలను నెలకొల్పాడు.

వడ్డీ వ్యాపారుల చేతిలో చిక్కిన రైతులకు ఊరట కోసం భారతదేశంలో 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1912 చట్టం అప్పులిచ్చే సంఘాలతో పాటు అమ్మకం, కొనుగోలు వంటి ఇతర పనులు చేసే సంఘాలకూ వీలు కల్పించింది.

తెలంగాణలో దీనికి గట్టి ఉదాహరణ ముల్కనూరు. నేటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ఈ గ్రామంలో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి 1956లో సహకార గ్రామీణ పరపతి సంఘాన్ని స్థాపించారు. పంట అప్పు, ఎరువులు, విత్తనాలు, ధాన్యం కొనుగోలు, రైస్ మిల్లు అన్నీ ఆ సంఘం కిందికే వచ్చాయి. రైతుకు అప్పిచ్చే సంస్థే పంటనూ కొనడంతో దళారికి చోటు తగ్గింది.

ప్రభుత్వ పట్టు నుంచి విడుదల

అన్ని సంఘాలకూ ముల్కనూరు దారి దొరకలేదు. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం అధికారులకు విస్తారమైన అధికారాలిచ్చింది. ఎన్నికలు వాయిదా పడటం, పాలకవర్గాలను తొలగించి అధికారులను కూర్చోబెట్టడం మామూలైపోయింది. సంఘం తమదేనన్న భావన సభ్యుల్లో సన్నగిల్లింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన సహకార వికాస సంస్థ ఈ పరిస్థితి మార్పు కోసం పట్టుబట్టింది. 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. దేశంలో ఇలాంటి చట్టాల్లో ఇదే మొదటిది. ప్రభుత్వ వాటాధనం తీసుకోకుండా, తమ నియమాలు తామే రాసుకుని, తమ ఎన్నికలు తామే జరుపుకునే స్వేచ్ఛ సంఘాలకు దక్కింది. 2002లో పని మొదలుపెట్టిన ముల్కనూరు మహిళా డెయిరీ ఈ చట్టం కిందే ఎదిగింది. పాలు పోసే మహిళలే దానికి యజమానులు, పాలకులు. ‘స్వకృషి’ దాని బ్రాండు.

రెండు దారులు, ఒక హెచ్చరిక

బంగ్లాదేశ్‌లో పేదలకు చిన్న అప్పులిస్తూ మొదలై, 1983లో గ్రామీణ బ్యాంకుగా మారిన ప్రయోగానికి మూలపురుషుడు మహమ్మద్ యూనస్. సామాజిక వ్యాపారంలో పెట్టుబడిదారు తన అసలు మాత్రమే తిరిగి తీసుకోవాలని, లాభమంతా వ్యాపారంలోనే ఉండాలని ఆయన వాదించారు. ఇది మొదటి దారి. ఆయనకూ, గ్రామీణ బ్యాంకుకూ కలిపి 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. పేదలకు అప్పులివ్వడానికి మార్కెట్ పెట్టుబడిని ధారాళంగా తీసుకోవచ్చన్నది రెండో దారి. హైదరాబాద్ కేంద్రంగా పెరిగిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ స్వచ్ఛంద సంస్థగా మొదలై, 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌లోకి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ల ఒత్తిడిపై వచ్చిన తీవ్ర ఆరోపణల నడుమ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటి కట్టడికి ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పు తీసుకునేవారికి యాజమాన్యంలో చోటు లేని చోట లాభం వేగంగా పెరిగితే, మేలు వెనక్కి జరిగే ప్రమాదముంటుందని తెలుగునేల అప్పుడు నేర్చుకుంది.

రైతు కంపెనీ

సంఘానికుండే సమానత్వాన్ని, కంపెనీకుండే చురుకుదనాన్ని కలపాలన్న ప్రయత్నమే ఉత్పత్తిదారుల కంపెనీ. వై.కె.అలఘ్ కమిటీ సిఫారసులపై 2002లో కంపెనీల చట్టాన్ని సవరించారు. పది మంది ఉత్పత్తిదారులు కలిస్తే కంపెనీ పెట్టవచ్చు. రైతులే సభ్యులుగా ఉన్నప్పుడు మనిషికి ఒకటే ఓటు. వాటాలను షేర్ మార్కెట్‌లో అమ్మడానికి వీల్లేదు. వాటాధనంపై రాబడికి పరిమితి ఉంటుంది. మిగులును సభ్యులు కంపెనీకి అమ్మిన పంట లెక్కన బోనస్‌గా పంచవచ్చు. రాచ్‌డేల్ సూత్రమే ఇక్కడ కొనేవారి నుంచి పండించేవారికి మారింది. 2020లో కేంద్రం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం తెచ్చింది. ఈ పథకం కింద మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. సభ్యుల వాటాధనానికి జోడుగా ఒక్కో సంస్థకు రూ.15 లక్షల వరకు గ్రాంటు వస్తుంది.

అరకు లోయ కాఫీ కథ ఈ బాటలో ఆశ కలిగిస్తుంది. హైదరాబాద్‌కు చెందిన నాంది ఫౌండేషన్ ఆదివాసీ రైతులతో సహకార సంఘం ఏర్పరచి, నాణ్యత పెంచి, 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిపించింది. గింజగా అమ్మిన పంటకూ, పేరున్న సరుకుగా అమ్మిన పంటకూ రాబడిలో ఎంత తేడా ఉంటుందో ఆ ప్రయాణం చూపింది.

ఆర్మూరు పసుపు

ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల్లో పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో నాటితే జనవరి నుంచి తవ్వుతారు. దుంపలను ఉడకబెట్టి, కళ్లంలో ఎండబెట్టి, డ్రమ్ముల్లో వేసి పాలిష్ చేస్తారు. కొమ్మును, మండను వేరుచేసి నిజామాబాద్ యార్డుకు తరలిస్తారు. ధర బాగుందని తెలిస్తే మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా తీసుకుపోతారు. శ్రమంతా ఇక్కడే. పొడి, నూనె, కర్కుమిన్ తీయడం వల్ల పెరిగే విలువలో మాత్రం ఎక్కువ భాగం వేరే చోట మిగులుతుంది.

ఈ అన్యాయమే రైతులను రోడ్డెక్కించింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేస్తే, వారిలో 170 మందికి పైగా రైతులే. వారు పసుపు బోర్డు, మద్దతు ధర కోరారు. 2023 అక్టోబరు 4న కేంద్రం జాతీయ పసుపు బోర్డును నోటిఫై చేసింది. 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా అది మొదలైంది. బోర్డు ప్రకటన నాటి లెక్కల ప్రకారం 2022–23లో దేశంలో 3.24 లక్షల హెక్టార్లలో 11.61 లక్షల టన్నుల పసుపు పండింది. ప్రపంచ ఉత్పత్తిలో ఇది 75 శాతానికి పైమాటే. ఆ ఏడాది ఎగుమతుల విలువ 20.7 కోట్ల డాలర్లు. 2030 నాటికి దాన్ని 100 కోట్ల డాలర్లకు చేర్చాలన్నది లక్ష్యం.

బోర్డు దారి చూపగలదు కానీ వ్యాపారం చేయదు. ఆ పని రైతుల కంపెనీలదే. అందుకు ఉమ్మడి స్టీమ్ బాయిలర్లు, శుభ్రమైన కళ్లాలు, కర్కుమిన్ శాతం తేల్చే పరీక్షశాల, పొడి చేసే మిల్లు కావాలి. అన్నిటికన్నా ముందు, తవ్వకాల వేళ చేతికి డబ్బు అందాలి. అది లేనప్పుడే రైతు వచ్చిన ధరకు తెగనమ్ముకుంటాడు. గిడ్డంగి రసీదుపై అప్పు దొరికితే ధర కోసం ఆగగలడు. కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రం సమీపంలోనే ఉండటం రకాల ఎంపికకు కలిసొచ్చే అంశం.

కలిసి నడవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆర్మూరు పక్కనే ఉన్న అంకాపూర్ ఎర్రజొన్న, సజ్జ, మక్క విత్తనాల సాగుతో పేరు తెచ్చుకుంది. గ్రామాభివృద్ధి కమిటీలు ఉమ్మడి ఆదాయంతో ఊరి పనులు చేయడం ఇక్కడి ఆనవాయితీ. అయితే కొన్ని ఊళ్లలో అవే కమిటీలు సాంఘిక బహిష్కరణలకు దిగాయన్న ఫిర్యాదులూ వచ్చాయి. కనుక ఉమ్మడితనం ఒక్కటే చాలదు. కౌలు రైతులు, కూలికి పసుపు తవ్వే మహిళలు కూడా సభ్యత్వంలోనో మిగులులోనో భాగస్తులు కావాలి. లెక్కలు ఏటా సభ్యుల ముందు తెరవాలి. పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకోవాలి, అవసరమైతే వారే మార్చుకోవాలి. ఈ షరతులు పాటించిన వ్యాపారం లాభం ఎంత ఎక్కువ తెస్తే అంత మేలు చేస్తుంది.