ఆదివారపు మాదిరి పరీక్షలు: అడవి అంచు పిల్లలు, గురుకులాల చరిత్ర

దమ్మపేట పేరు చెప్పగానే ఈనాటివారికి పామాయిలు తోటలు గుర్తుకు వస్తాయి. అంతకు ముందరి తరంవారికి అడవి, పోడు, కోయగూడేలు గుర్తుకు వచ్చేవి. 1953లో వరంగల్లు నుండి ఖమ్మం జిల్లా విడివడినది. 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పుగోదావరి నుండి వచ్చి అందులో చేరినది. 2016 అక్టోబరు 11న జిల్లా మళ్ళీ చీలి, దమ్మపేట భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనికి పోయినది. పటం మీద గీతలు ఇన్నిమార్లు మారినా ఈ మండలం ఎప్పుడూ ఏదో ఒక అంచునే ఉన్నది. అంచున ఉన్న ఊరికి బడి ఆలస్యంగా వస్తుంది. మంచి బడి మరింత ఆలస్యంగా వస్తుంది. ఆ మంచి బడిలోనికి పోయే దారి ఒక ప్రవేశ పరీక్ష గుండా పోతుంది. ఆ పరీక్షకు తల్లిదండ్రులే పూనుకొని పిల్లలకు ముందుగా మాదిరి పరీక్షలు పెట్టించుకోవడమనే అలవాటు ఎక్కడినుండి వచ్చినదో, దానిలో న్యాయమెంతో, అన్యాయమెంతో చూడాలనే ఈ టపా.

మన రాష్ట్రంలో పరీక్ష పెట్టి పిల్లలను ఎంచుకొనే ప్రభుత్వ వసతి బడులకు మొదటి గుర్తుగా చాలామంది 1962లో విజయనగరం దగ్గర వెలసిన కోరుకొండ సైనిక పాఠశాలను చెపుతారు. అయితే దాని ఉద్దేశం వేరు, సైన్యానికి కావలసిన అధికారులను తయారుచేయడం. పల్లెటూరి పేద పిల్లవానిలోని తెలివిని వెదకి పట్టుకోవాలన్న ఉద్దేశంతో పుట్టినది మాత్రం సర్వేల్ గురుకులం. 1971 నవంబరులో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా, నల్లగొండ జిల్లాలోని ఆ పల్లెలో అది ఆరంభమైనది. మరుసటి యేడు కోస్తాకు తాడికొండ, రాయలసీమకు కొడిగెనహళ్ళి వచ్చినవి. సర్వేల్‌లో చదివినవారిలో పోలీసు శాఖ అధిపతిగా పనిచేసిన మహేందర్ రెడ్డి, ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన బుర్రా వెంకటేశం వంటివారున్నారు. పల్లెలోని పిల్లవానికి అన్నం, పుస్తకం, మంచి ఉపాధ్యాయుడు, ఈ మూడూ ఒకే చోట దొరికితే ఏమవుతుందో ఆ బడి చూపినది.

పదునాలుగేండ్ల తరువాత అదే పి.వి. కేంద్రంలో మానవవనరుల శాఖను చేపట్టినారు. 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లోను, మహారాష్ట్రలోని అమరావతిలోను మొదటి రెండు నవోదయ విద్యాలయాలు తెరిచినారు. 1986 జాతీయ విద్యావిధానం వాటిని జిల్లాకొకటిగా విస్తరింపజేసినది. ఒక్క తమిళనాడు మాత్రం వాటిని రానీయలేదు. ఖమ్మం జిల్లాకు వచ్చిన నవోదయ కూసుమంచి మండలం పాలేరులో ఉన్నది. అంటే దమ్మపేటకు జిల్లా ఆ చివర. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సాంఘిక సంక్షేమ గురుకులాలను మొదలుపెట్టినది. 1997-98లో గిరిజన బాలల కొరకు కేంద్రం ఏకలవ్య పాఠశాలల పథకం తెచ్చినది. అటువంటి పాఠశాల ఒకటి ఇప్పుడు దమ్మపేట మండలంలోనే గండుగులపల్లిలో ఉన్నది. దమ్మపేటకు దగ్గరలోని అన్నపురెడ్డిపల్లి గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్ 2014 మే నెలలో, పూర్ణ మాలావత్‌తో కలిసి ఎవరెస్టు శిఖరం ఎక్కినాడు. ఆ వార్త వచ్చిన తరువాత ఈ అడవి మండలాలలో గురుకులం అన్న మాటకు బరువు మరింత పెరిగినది.

ఇక లెక్క చూడండి. నవోదయలో ఆరవ తరగతికి యేటా తీసుకొనేది 80 మందిని. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో మండలాలు 46. సగటు తీస్తే మండలానికి ఇద్దరు పిల్లలు కూడా రారు. ఆ సీట్లలో కనీసం నూటికి 75 పల్లె పిల్లలకు, మూడోవంతు ఆడపిల్లలకు అని నియమం. దళిత, గిరిజన బాలలకు రిజర్వేషను ఉన్నది. దరఖాస్తుకు రుసుము లేదు. నియమాలన్నీ పేదవాని పక్షమే. కాని ఒక పిల్లవాడు ఆ పరీక్షను జీవితంలో ఒక్కసారే వ్రాయగలడు, రెండవ అవకాశం లేదు. పదేండ్ల వయస్సులో, రెండు గంటల సమయంలో, 80 ప్రశ్నలు. అందులో 40 బొమ్మల ప్రశ్నలు, 20 లెక్కలు, 20 భాష.

ఆ బొమ్మల భాగాన్నే మానసిక సామర్థ్య పరీక్ష అంటారు. నాలుగు బొమ్మలలో వేరైనది ఏది, అద్దంలో ఈ బొమ్మ ఎట్లా కనపడుతుంది, మడిచి చిల్లుపెట్టిన కాగితం విప్పితే ఎట్లా ఉంటుంది, ఇటువంటివి. మొత్తం ప్రశ్నలలో సగం ఇవే. ఈ ఏర్పాటు వెనుక ఒక మంచి ఆలోచన ఉన్నది. మంచి బడి లేని పిల్లవానికి లెక్కలు రాకపోవచ్చు, వ్యాకరణం తెలియకపోవచ్చు. కాని బొమ్మను చూచి ఆలోచించే శక్తి బడితో నిమిత్తం లేకుండా ఉంటుంది కదా, దానిని కొలిస్తే చాలునన్నది ఆ ఆలోచన.

ఈ ఆలోచన మనది కాదు, దాని వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. 1905లో ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ బినే, చదువులో వెనుకబడిన పిల్లలను గుర్తించడానికి మొదటి బుద్ధి పరీక్ష తయారుచేసినాడు. 1921లో ఇంగ్లండు ఉత్తరాన నార్తంబర్లండు ప్రాంతంలో ఒక చిక్కు వచ్చినది. మారుమూల పల్లె బడులనుండి ఉన్నత పాఠశాలల ఉచిత సీట్లకు పిల్లలు రావడం లేదు. అక్కడ తెలివైనవారు లేక కాదు, వారిని వెదికే పద్ధతి లేక. అప్పుడు న్యూకాజిల్‌లో ఆచార్యుడుగా ఉన్న గాడ్‌ఫ్రే థామ్సన్ ఆ పల్లె పిల్లలకోసమే ఒక పరీక్షను తయారుచేసి ఇచ్చినాడు. నవోదయ పరీక్ష వెనుక ఉన్న ఉద్దేశమూ, నార్తంబర్లండు పరీక్ష వెనుక ఉన్న ఉద్దేశమూ ఒక్కటే. 1944 విద్యాచట్టం తరువాత ఇటువంటి పరీక్షయే ఇంగ్లండులో పదకొండేండ్ల పిల్లలందరి భవిష్యత్తును తేల్చే పరీక్షగా స్థిరపడినది.

అప్పుడు ఎవరూ తలచనిది జరిగినది. తల్లిదండ్రులు ఇంట్లో పాత ప్రశ్నలతో అభ్యాసం చేయించనారంభించినారు. 1950ల మొదట్లో ఫిలిప్ వెర్నన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, అభ్యాసం చేత ఈ బుద్ధి పరీక్షలలో మార్కులు గణనీయంగా పెరుగుతున్నవని చెప్పగా పెద్ద వాదోపవాదాలు జరిగినవి. పుట్టుకతో వచ్చిన తెలివిని కొలుస్తామన్న పరీక్ష, నాలుగు వారాల సాధనతో మారిపోతే ఇక అది కొలుస్తున్నది దేనిని? ఆ పరిశోధనలలో తేలిన మరొక సంగతి మనకు ముఖ్యం. మొదటి కొద్ది పరీక్షలతోనే లాభం ఎక్కువ. ఆ తరువాత ఎంత రుద్దినా పెరిగేది స్వల్పం. పిల్లవాడు మొదట నేర్చేది తెలివి కాదు, పరీక్ష పద్ధతి.

దమ్మపేట మండలంలోని ఒక పల్లెలో, ఒక ఆదివారం నాడు ఇది నా కంటితో చూచినాను. నాలుగైదు కుటుంబాలవారు కలిసి సత్తుపల్లినుండి ఒక గైడు తెప్పించి, అందులోని మాదిరి పత్రాన్ని జిరాక్సు తీయించినారు. పదవీ విరమణ చేసిన ఒక మాష్టారు చేతిగడియారం చూచుకొంటూ కూర్చున్నారు. పదునొకండుగురు పిల్లలు అట్టలు ఒళ్ళో పెట్టుకొని వ్రాస్తున్నారు. రెండు గంటలు ముగిసేసరికి సగానికి పైగా పిల్లలు చివరి ఇరవై ప్రశ్నలను తాకనేలేదు. తెలియక కాదు, మొదటి లెక్క తేలేవరకు రెండవదానికి పోకూడదని వారికి బడిలో అలవాటైనది. ఒక తల్లి వచ్చి, "మాష్టారండీ, మావాడికి అన్నీ తెలిసినయ్యండీ, ఆ గుండ్రాలు దిద్దేకాడనే వరస తప్పిపోయిండు" అన్నది. ఆ మాష్టారు నవ్వి, "అందుకేనమ్మా ఇయ్యాల ఇక్కడ తప్పాల్సింది, ఆ రోజు అక్కడ తప్పకుండా" అన్నారు. మాదిరి పరీక్ష ప్రయోజనాన్ని ఇంతకంటె క్లుప్తంగా ఎవరూ చెప్పలేరు.

ఆ పదునొకండుగురిలో కోయ ఇంటి బిడ్డ ఒక్కతే ఉన్నది. మండలంలో కోయగూడేలు ఎన్ని ఉన్నవో తెలిసినవారికి ఈ ఒకటి అన్న అంకె చాలు. కారణాలు వెదకనక్కరలేదు. జిరాక్సుకు డబ్బు కావాలి, ఆదివారం కూలి మానుకొని పిల్లను తీసుకొని రావాలి, అన్నిటికన్న ముందు ఇటువంటి పరీక్ష ఒకటి ఉన్నదని తెలియాలి. ఆపైన భాష. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల తెలుగు గద్యభాగం చదివి ప్రశ్నలకు జవాబులివ్వాలి. 2004లో మన రాష్ట్రం కోయ, గోండి, సవర మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్య మొదలుపెట్టినది. అది మంచి ప్రయత్నమే. కాని ప్రవేశ పరీక్ష కోయలో లేదు. ఆ బిడ్డకు మాదిరి పరీక్షలో సమయం నేర్పవచ్చు, గుండ్రాలు దిద్దడం నేర్పవచ్చు. గద్యభాగంలోని తెలుగు ఆమెకు రెండవ భాష అన్న సంగతిని ఏ మాదిరి పరీక్షా మార్చలేదు.

ఈ విషయంలో రెండు వాదాలు విన్నాను. మొదటిది, పదేండ్ల పిల్లలను ఆడుకోనీయకుండా పరీక్షల్లో త్రిప్పడం పాపమని. రెండవది, తల్లిదండ్రులు చేసేది మోసమనీ, సహజమైన తెలివికి పెట్టిన పరీక్షను కొనుక్కోవడమనీ. మొదటి వాదంలో నిజమున్నది. నవోదయ, సైనిక పాఠశాలల శిక్షణ పేరిట నాలుగవ తరగతి పిల్లలను సంవత్సరం పొడుగునా హాస్టళ్ళలో పెట్టి తోమే సంస్థలు మన పట్టణాలలో ఉన్నవి. రుసుము లేని బడికోసం వేలకు వేలు రుసుములు! పేదవానికోసం తెరిచిన తలుపు దగ్గర డబ్బున్నవాడు ముందు నిలబడడం ఇదే. పరిశోధనలు చెప్పినదానిని బట్టి చూస్తే ఆ సంవత్సరపు శ్రమలో అధికభాగం వ్యర్థం కూడా.

రెండవ వాదాన్ని మాత్రం ఒప్పుకోలేను. పల్లెలో నాలుగు కుటుంబాలు కలిసి పెట్టుకొన్న మాదిరి పరీక్ష మోసం కాదు. పట్టణపు పిల్లవానికి అప్పటికే అందిన పరిచయాన్ని తమ పిల్లలకు అందించడం అది. నిజమైన లోపం ఆ తల్లిదండ్రులు చేసినదానిలో లేదు, ఆ పని వారికి వదిలివేయడంలో ఉన్నది. అభ్యాసం వలన లాభం కొద్ది పరీక్షలతోనే వచ్చేమాటయితే, ఆ కొద్ది పరీక్షలను అందరికీ ఇస్తే సరిపోతుంది. వెర్నన్ నాటి వాదోపవాదాలలో వచ్చిన న్యాయమైన సూచనా ఇదే: అభ్యాసాన్ని నిషేధించలేము, కాబట్టి కొంచెం అభ్యాసం పిల్లలందరికీ సమానంగా ఇవ్వండి. మండలంలోని ప్రతి ప్రాథమిక పాఠశాలలో, ప్రతి ఆశ్రమ పాఠశాలలో, ఐదవ తరగతి వారికి మూడో నాలుగో శనివారాలు, గడియారంతో, గుండ్రాల పత్రంతో మాదిరి పరీక్షలు పెడితే అయ్యే ఖర్చు కాగితం ఖర్చే. అప్పుడు తండ్రి కూలికి పోయినా, తల్లికి చదువు రాకపోయినా, ఆ పిల్ల అసలు పరీక్షలో మొదటిసారి ఆ పత్రాన్ని చూచి బెదరదు.

జిల్లాలు విడిపోయిన ఎనిమిదేండ్లకు, 2024 డిసెంబరులో, కేంద్ర మంత్రివర్గం దేశంలో 28 కొత్త నవోదయలను మంజూరు చేసినది. తెలంగాణకు వచ్చిన ఏడింటిలో భద్రాద్రి కొత్తగూడెం ఒకటి. సీట్లు పెరిగినవి, సంతోషమే. అయితే కొత్త బడి వచ్చినంత మాత్రాన దానిలో ఎవరు కూర్చుంటారన్నది తేలిపోదు. అది జిరాక్సు తీయించగల ఇండ్ల పిల్లలతో నిండుతుందా, గూడెం పిల్లలతో కూడా నిండుతుందా అన్నది పరీక్ష రోజుకు ముందరి నెలల్లోనే తేలుతుంది. సర్వేల్‌లో మొదలైన ఆశయానికి సిసలైన పరీక్ష అక్కడే ఉన్నది.

గురుకులాల్లో, నవోదయల్లో చదివిన బ్లాగ్మిత్రులు ఎవరైనా ఉంటే, మీరు ఆ పరీక్షకు ఎట్లా సిద్ధమైనారో, మీకు దాని సంగతి మొదట చెప్పినవారెవరో వ్రాయవలసిందిగా నా మనవి. ఆ మొదట చెప్పిన మనిషి లేకపోతే ఏమయ్యేదో కూడా ఒక్కసారి ఆలోచించండి. అటువంటి మనిషి లేని ఊళ్ళు ఇంకా చాలానే ఉన్నవి.