శిస్తు కోసం వచ్చినవాడు

అమెరికాలో మనవాళ్ల పిల్లలెవరైనా హఠాత్తుగా చనిపోతే, మర్నాటి పత్రికల్లో తరచూ ఒక మాట కనిపిస్తుంది: మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయం నుంచి మృతదేహం ఇంకా అందలేదని. ఇక్కడ కన్నవాళ్లకు ఆ పేరే కొత్త. పోలీసులు కారు, ఆసుపత్రి కాదు, మధ్యలో ఈ మూడోవాడెవడు? వాడి పుట్టుక వెతుక్కుంటూ వెళ్తే మొదట డాక్టరు కనిపించడు, రాజుగారి డబ్బు లెక్క చూసేవాడు కనిపిస్తాడు.

1194లో ఇంగ్లండు ఖజానా ఊడ్చిపెట్టినట్టుంది. క్రూసేడు ఖర్చు ఒకటి, బందీగా చిక్కిన రాజు మొదటి రిచర్డును విడిపించుకోవడానికి పోసిన సొమ్ము మరొకటి. రాజుకు రావలసిన ప్రతి పైసా రాబట్టడానికి జిల్లా జిల్లాకూ కరోనర్లనే అధికారులను పెట్టారు. చావులో రాజుకు చాలా ఆదాయం ఉండేది. ఆత్మహత్య చేసుకున్నవాడి సొత్తు జప్తు. బండి కింద పడి ఎవరైనా చస్తే ఆ బండి గానీ, దాని ఖరీదు గానీ రాజుకే. రైళ్లు వచ్చాక కూడా ఈ ఆచారం పోలేదు. ఇంజన్ల మీద కూడా జరిమానాలు పడుతుంటే తట్టుకోలేక 1846లో రద్దు చేశారు. అన్నిటికన్నా గడుసుది, ఇంగ్లండును జయించిన నార్మన్ల చట్టం. దిక్కులేని శవం దొరికితే, అతను ఇంగ్లిషువాడని ఊరివాళ్లు రుజువు చేయాలి. చేయలేకపోతే చచ్చినవాడు నార్మన్ కిందే లెక్క, ఆ ప్రాంతమంతా జరిమానా కట్టాలి. కరోనర్ గుర్రం వచ్చేలోపు శవాన్ని రాత్రికి రాత్రి పక్కూరి పొలిమేరలోకి నెట్టేసిన జనం ఉన్నారంటే ఆశ్చర్యమేముంది!

ఈ కొలువు వలసవాళ్లతో అమెరికా చేరి ఎన్నికల పదవి అయింది. డాక్టరై ఉండాలన్న నియమం లేదు. 1877లో మసాచుసెట్స్ ఈ పద్ధతి వదిలేసి డాక్టర్లను మెడికల్ ఎగ్జామినర్లుగా నియమించింది. న్యూయార్క్ మారడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1915లో అక్కడి కరోనర్లపై జరిగిన విచారణలో తేలిందేమిటంటే, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లలో అంత్యక్రియల వ్యాపారులూ, ప్లంబర్లూ, పాలు పోసేవాడూ ఉన్నారు. 1918లో చార్లెస్ నారిస్ అనే పాథాలజిస్టు తొలి చీఫ్ మెడికల్ ఎగ్జామినర్ అయ్యాడు. విషాల పరీక్షకు అలెగ్జాండర్ గెట్లర్‌ను పెట్టుకున్నాడు.

వీళ్లు తెచ్చిన మార్పేమిటో 1926 నాటి ఒక కేసు చెబుతుంది. బ్రూక్లిన్‌లో ఒక రేవు కూలీ, ముక్కలు చేసిన ఆడమనిషి శవాన్ని మోసుకెళ్తూ దొరికిపోయాడు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ముందు రాత్రి ఇద్దరూ తాగి గొడవపడ్డారు, తెల్లారి లేచేసరికి ఆమె చచ్చి ఉంది. తనే చంపాననుకున్నాడు. అయితే శవం గులాబీ రంగులో మెరవడం నారిస్ కంట పడింది. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ నిండితే వచ్చే రంగది. పొయ్యి మీద కాఫీ పొంగి మంట ఆరిపోయింది, ఆ విషం కలిసిన గ్యాసు గది నిండా పరుచుకుంది. ఆమెను చంపింది అదే. హత్యానేరం నిలవలేదు.

శవాన్ని బల్ల మీద కోస్తే సరిపోదు, అది పడి ఉన్న గదినీ చదవాలి. ఈ సంగతి బాగా పట్టుకున్నది ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ. కోటీశ్వరుల బిడ్డ. అంగుళానికి అడుగు కొలతతో బొమ్మ గదులు కట్టి, వాటిలో బొమ్మ శవాలు పెట్టి, 1945 నుంచి హార్వర్డ్‌లో పోలీసులకు పాఠాలు చెప్పించింది. బొమ్మల మేజోళ్లు గుండుసూదులతో అల్లింది. శవంలో రక్తం దిగిన చోట చర్మం రంగు కూడా సరిగ్గా వేసింది. వాటిలో 18 గదులు బాల్టిమోర్ మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయంలో చేరాయి.

ప్రతి చావుకూ డాక్టరే పరుగెత్తడం అయ్యే పని కాదు. అలా డెత్ ఇన్వెస్టిగేటర్లు పుట్టుకొచ్చారు. 1998లో వాళ్లకంటూ ఒక అర్హతా బోర్డు ఏర్పడింది. ఆన్ కాల్ డ్యూటీలో ఉన్నవాడికి రాత్రి రెండింటికి ఫోను మోగితే తేల్చుకోవలసిన మొదటి సంగతి: ఇది మన కేసేనా? చనిపోయింది ఎనభై దాటిన గుండె రోగి అయి, మరణ ధ్రువపత్రంపై సంతకం పెట్టడానికి ఆయన డాక్టరు సిద్ధంగా ఉంటే ఫోనులోనే ముగుస్తుంది. లేదంటే బయలుదేరాల్సిందే. గది పోలీసులది, శవం మాత్రం ఇన్వెస్టిగేటర్‌ది. ముందు ఫొటోలు, తర్వాతే చెయ్యి వేయడం. దవడ బిగిసిందా? వీపు మీది ఎర్రటి మరకను బొటనవేలితో నొక్కితే తెల్లబడుతోందా? తెల్లబడితే రక్తం ఇంకా అక్కడ స్థిరపడలేదు, చనిపోయి ఎక్కువ గంటలు కాలేదు. మరక వీపున గట్టిపడి ఉండి మనిషి బోర్లా పడి ఉన్నాడంటే ఎవరో తిప్పారన్నమాట. మందు సీసాల మీద తేదీలు చూసి మాత్రలు లెక్కపెడతాడు. ఆ పైన తలుపు తట్టి ఇంట్లోవాళ్లకు చెప్పడం. అన్నిటిలోకీ కష్టమైన పని అదే.

అయితే అమెరికాలో పాత పద్ధతి పూర్తిగా పోలేదు. చాలా కౌంటీల్లో కరోనర్‌ను నేటికీ ఓట్లేసి ఎన్నుకుంటారు. కాలిఫోర్నియాలో అనేక చోట్ల షెరీఫే కరోనర్. పోలీసు కస్టడీలో మనిషి చనిపోతే ఎవరు ఎవరిని విచారించాలన్న పేచీ అందుకే వస్తుంది.

మన దగ్గరా కరోనర్లుండేవారు. 1871 చట్టంతో మహానగరాల్లో నడిచిన ఆ పద్ధతి ముంబయిలో 1999 దాకా సాగింది. మిగతా దేశమంతటా శవ పంచనామా పోలీసుల పనే. దానికి ఆధారం నిన్నటిదాకా సీఆర్పీసీ 174వ సెక్షన్, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 194. పెళ్లయిన ఏడేళ్లలోపు మహిళ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా, కస్టడీలో ఎవరు చనిపోయినా మెజిస్ట్రేటు రావాలి. మొదటి దానికి మన జిల్లాల్లో ఎక్కువగా వచ్చేది తహసీల్దారే. కనీసం ఇద్దరు పంచుల ఎదుట గాయాలు రాసుకుని, శవాన్ని మార్చురీకి పంపుతారు. పోస్టుమార్టం చేసే డాక్టరు చాలా కేసుల్లో ఆ గదిని చూడనే చూడడు. మంచం ఎటువైపు ఉందో, కిటికీ తెరిచి ఉందో లేదో పంచనామా కాగితంలో రాసి ఉంటేనే ఆయనకు తెలుస్తుంది.