పలకపై ముగియని లెక్క

మార్కాపురపు పలక నెరుగని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. నల్లమల ప్రక్కన భూమిలో పొరలు పొరలుగా దొరకు రాతిని చీల్చి, నునుపు చేసి, కొయ్యచట్రము బిగించిన ఆ పలకపైననే తరతరముల పిల్లలు ఓనమాలు దిద్దిరి, లెక్కలు కట్టిరి. ఎంత వ్రాసినను ముగియని లెక్క ఒకటి కలదు. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

జానెడు భుజముగల చదరపు పలకపై మూలనుండి మూలకు గీత గీయుడు. ఆ కర్ణమును భుజముగా గొని మరియొక చదరము నిర్మించినచో, దాని వైశాల్యము మొదటిదానికి సరిగా రెట్టింపగును. కావున జానలలో కర్ణము పొడవు రెండింటి వర్గమూలము. తొమ్మిదికి మూలము మూడు, రెండుంబావుకు ఒకటిన్నర. ఇవి చక్కగా తేలునవి. మరి రెండింటికి?

యజ్ఞవేదికలను త్రాళ్లతో కొలిచిన కాలమున, క్రీస్తుకు కొన్ని శతాబ్దములు ముందే, బౌధాయనుడు తన శుల్బసూత్రమున దీనికొక విలువ చెప్పెను. భుజమునకు దాని మూడవవంతు కలిపి, ఆ మూడవవంతులో నాల్గవవంతును కలిపి, ఈ నాల్గవవంతులో ముప్పదినాల్గవ భాగమును తీసివేయవలెను. వచ్చునది 577/408. 577 యొక్క వర్గము 3,32,929. 408 యొక్క వర్గమునకు రెట్టింపు 3,32,928. తేడా ఒక్కటే!

ఆ ఒక్కటి ఏ భిన్నముతోనైనను పోవునా? పోదని గ్రీకులు తర్కముతో నిరూపించిరి. ఇక కుదింపరాని భిన్నమొకటి రెండింటి మూలమనుకొందము. అప్పుడు లవము యొక్క వర్గము హారవర్గమునకు రెట్టింపు. కనుక లవము సరిసంఖ్య. సరిసంఖ్య వర్గము నాలుగుచే భాగింపబడును గనుక హారమును సరిసంఖ్యయే కావలెను. రెండును సరిసంఖ్యలైనచో భిన్నమును ఇంకను కుదింపవచ్చును గదా! మొదట అనుకొన్న మాటకే విరోధము.

ఇట్టి మూలములను మన ప్రాచీనులు కరణులనిరి. తెలుగు పాఠ్యపుస్తకములు ఆ మాటనే నిలుపుకొన్నవి: భిన్నముగా వ్రాయదగినవి అకరణీయ సంఖ్యలు, వ్రాయరానివి కరణీయ సంఖ్యలు. రెండింటి మూలమును దశాంశములలో 1.41421 అని మొదలుపెట్టి ఎంత దూరము సాగించినను ముగియదు; ఒకే వరుస అదే పనిగా తిరిగి రాదు.

9వ శతాబ్దిలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున మరియొక హద్దు చూపెను. ధనసంఖ్యకు ధనమూలము, ఋణమూలము రెండును కలవు. ఋణసంఖ్య స్వభావముచేతనే వర్గము కాదు గనుక దానికి మూలమే లేదు. ఆ గ్రంథమునే పావులూరి మల్లన పద్యములలో తెనిగించి, తెలుగువారికి గణితము నందించెను. ఆ హద్దును దాటి, ఋణసంఖ్యల మూలములతో లెక్కించు నియమములను ఇటలీ దేశీయుడు బొంబెల్లి 1572లో ప్రకటించెను. అట్టి మూలములనే నేడు కల్పిత సంఖ్యలనుచున్నాము.

భాగహారము తెగక, శేషము మిగిలినప్పుడు, తన తెలివి చాలదని క్రుంగు పిల్లలెందరో కలరు. ఉపాధ్యాయులు వారికి ముందే చెప్పవలెను: శేషము మిగులుట నీ తప్పు కాదు, ఆ సంఖ్య స్వభావము. పనికి ఎన్ని స్థానములు చాలునో నిర్ణయించుకొని అచట నిలుచుటయు గణితమే. బౌధాయనుడు చేసినదియు అంతియే.