ఇంధన ఘటం – చరిత్ర

హైడ్రోజన్‌ను మండించకుండానే ఆక్సిజన్‌తో కలిపి, ఆ చర్యలోని శక్తిని నేరుగా విద్యుత్తుగా రాబట్టే సాధనం ఇంధన ఘటం. ఫ్యూయల్ సెల్ అన్న పేరే ఎక్కువగా వినిపిస్తుంది. బ్యాటరీలో చర్యకు కావలసిన పదార్థాలు లోపలే ఉంటాయి. ఇంధన ఘటానికి అవి బయటి నుంచి అందుతూ ఉండాలి. ఆనోడ్ దగ్గర హైడ్రోజన్ వదిలిన ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా కాథోడ్‌కు వెళ్లి ఆక్సిజన్‌ను చేరతాయి. అయాన్లు మధ్యనున్న విద్యుద్విశ్లేష్యం గుండా దాటతాయి. చివరికి మిగిలేది నీరు.

ఈ సూత్రాన్ని 1839 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లో షోన్‌బైన్, బ్రిటన్‌లో విలియం గ్రోవ్ దాదాపు ఒకేసారి పట్టుకున్నారు. వేల్స్‌లో పుట్టిన గ్రోవ్ వృత్తిరీత్యా న్యాయవాది, తర్వాత న్యాయమూర్తి. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ప్లాటినం రేకులు నిలిపి, ఒకదానిపై హైడ్రోజన్ గొట్టం, మరొకదానిపై ఆక్సిజన్ గొట్టం బోర్లించాడు. 1842లో అలాంటి ఘటాలను వరుసగా కలిపి, వచ్చిన కరెంటుతో నీటినే విడగొట్టి చూపాడు. వాయువు, ద్రవం, లోహం మూడూ తాకే చోటే చర్య జరుగుతుందని ఆయన అప్పుడే గ్రహించాడు. అదే ఆయన అసలు గొప్పతనం. అయితే ఆ చోటు ఆయన పరికరంలో రేకు వెంబడి ఒక సన్నని గీత మాత్రమే. కరెంటూ అంత స్వల్పంగానే వచ్చేది. ఆ గీతను విశాలం చేయడానికే తర్వాత వందేళ్లు పైగా పట్టింది.

1889లో లుడ్విగ్ మాండ్, కార్ల్ లాంగర్ మెరుగైన నమూనా చేశారు గానీ ప్లాటినం ఖర్చు దాన్ని ముందుకు సాగనివ్వలేదు. చిక్కు విప్పినవాడు ఇంగ్లిష్ ఇంజనీరు ఫ్రాన్సిస్ థామస్ బేకన్. ఆమ్లానికి బదులు పొటాషియం హైడ్రాక్సైడ్ వాడాడు. క్షారం కాబట్టి ప్లాటినం స్థానంలో చవకైన నికెల్ సరిపోయింది. ఎలక్ట్రోడ్‌కు వాయువు వైపు పెద్ద రంధ్రాలు, ద్రవం వైపు సన్న రంధ్రాలు పెట్టాడు. సన్న రంధ్రాల్లో తలతన్యత ద్రవాన్ని పట్టి ఉంచుతుంది, పెద్దవాటిని వాయుపీడనం ఖాళీగా ఉంచుతుంది. దాంతో మూడూ కలిసే చోటు ఎలక్ట్రోడ్ లోపలంతా విస్తరించింది. 1959లో ఆయన 40 ఘటాల దొంతరతో వెల్డింగ్ యంత్రాన్ని నడిపి చూపాడు.

1965 ఆగస్టులో జెమిని 5 వ్యోమనౌక ఇంధన ఘటాలతో ఎగిరింది. వాటిలో ద్రవానికి బదులు పాలిమర్ పొర ఉండేది. అపోలో నౌకలకు బేకన్ పద్ధతినే తీసుకున్నారు. కరెంటుతో పాటు వ్యోమగాములకు తాగునీరూ అక్కడి నుంచే వచ్చేది. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు ఆ రెండూ పోయాయి. చంద్రుడిపై దిగే నౌకలోని బ్యాటరీల ఆసరాతోనే ముగ్గురు వ్యోమగాములూ తిరిగి రాగలిగారు.

మన దేశంలో 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 నాలుగో దశలో ఇస్రో పాలిమర్ పొర ఇంధన ఘటాన్ని పరీక్షించింది. 350 కిలోమీటర్ల ఎత్తున అది 180 వాట్ల విద్యుత్తు ఇచ్చింది.